వరదలో ఆవు కొట్టుకుపోతే ఎంతొస్తుంది? గొర్రె చనిపోతే ఎవరికి చెప్పాలి? తిరుపతి, చిత్తూరు పాడి రైతులు తెలుసుకోవాల్సిన పూర్తి వివరాలు

తిరుపతి, చిత్తూరు: వాన పడితే చెరువు తెగుతుందన్న భయం, పడకపోతే కసువు దొరకదన్న దిగులు. దక్షిణ రాయలసీమలో పశువుల మీద బతికే కుటుంబాలకు ఈ రెండూ అలవాటే. పంట పోతే పరిహారం ఎలా వస్తుందో ఊళ్లో నలుగురికైనా తెలుసు. కొట్టంలో కట్టేసిన పాడావు వరదలో పోతే ప్రభుత్వం ఎంత ఇస్తుంది, ఎవరు ఇస్తారు, ఏ కాగితం చూపించాలి అని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. తెలిసే సరికి కళేబరం పూడ్చేసి ఉంటారు, లెక్కల టీమ్ వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. అప్పుడిక చేసేదేమీ ఉండదు.

2021 నవంబర్ ఈ ప్రాంతం మర్చిపోలేని నెల. 18వ తేదీన తిరుపతి చుట్టుపక్కల కుండపోత వాన పడింది. తిరుమల కొండ మీద నుంచి నీళ్లు జలపాతాల్లా దూకాయి, ఘాట్ రోడ్లు మూతపడ్డాయి. స్వర్ణముఖి నది చంద్రగిరి నుంచి శ్రీకాళహస్తి దాకా ఒడ్డు దాటి పారింది. మరుసటి రోజు తెల్లవారుజామున కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఇంకో రెండు రోజులకు రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకు పడిందన్న వార్తతో కింద ఉన్న ఊళ్లన్నీ ఖాళీ చేయించారు. మనుషుల్ని ట్రాక్టర్లలో ఎక్కించారు. పశువుల విషయానికి వస్తే చాలా ఇళ్లలో పలుపు విప్పి వదిలేయడం తప్ప ఇంకేం చేయలేకపోయారు. రెండేళ్ల తర్వాత, 2023 డిసెంబర్ మొదటి వారంలో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందే సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు ఊళ్లను ముంచేసింది.

ఇలాంటి ప్రతిసారీ "పశు నష్టానికి పరిహారం" అన్న మాట వార్తల్లో వినిపిస్తుంది. అసలు ఆ డబ్బు ఎక్కడ నుంచి వస్తుందో ముందు చూద్దాం.

డబ్బు ఎక్కడిది?

విపత్తుల్లో ఇచ్చే సాయం ఎక్కువగా రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి వస్తుంది. ఆఫీసుల్లో దీన్ని ఎస్‌డీఆర్‌ఎఫ్ అంటారు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఏర్పాటైన నిధి ఇది. ఆంధ్రప్రదేశ్ లాంటి రాష్ట్రాలకు ఇందులో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం వేస్తాయి. నష్టం మరీ పెద్దదైతే కేంద్ర బృందం వచ్చి చూసి వెళ్తుంది, జాతీయ నిధి నుంచి అదనంగా ఇస్తారు. 2021 వరదల తర్వాత కేంద్ర బృందం చిత్తూరు జిల్లాకు వచ్చింది అందుకే.

దేనికి ఎంత ఇవ్వాలన్నది కేంద్ర హోం శాఖ ఖరారు చేస్తుంది. ఆర్థిక సంఘం కాలం మారినప్పుడల్లా ఈ రేట్లు కూడా మారతాయి. 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించేలా 2022 అక్టోబర్‌లో ఇచ్చిన రేట్లు ఇవి: పాలిచ్చే ఆవు లేదా ఎనుము చనిపోతే రూ.37,500. గొర్రె, మేక, పంది అయితే ఒక్కోదానికి రూ.4,000. కాడెద్దు, గుర్రం లాంటి పనిచేసే పెద్ద పశువుకు రూ.32,000. దూడ, గాడిదలకు రూ.20,000. కోడికి రూ.100, అయితే ఒక కుటుంబానికి మొత్తం రూ.10,000 మించదు. ఇంటికి ఆనుకుని ఉన్న పశువుల కొట్టం కూలితే రూ.3,000.

అంతకు ముందు, 2015 నాటి రేట్లలో ఆవు, ఎనుముకు రూ.30,000, గొర్రెకు రూ.3,000, ఎద్దుకు రూ.25,000 ఉండేది. 2021 నవంబర్ వరదలప్పుడు కేంద్ర లెక్క ఇదే. అంటే ఏడేళ్లలో పాడి పశువు మీద పెరిగింది రూ.7,500. ఆ ఏడేళ్లలో సంతలో ఆవు ధర ఎంత పెరిగిందో పుంగనూరు, పలమనేరు వైపు పాడి రైతుని అడిగితే చెప్తారు.

ఇవి కేంద్రం పెట్టిన కనీస లెక్క అనుకోవచ్చు. రాష్ట్రం తలచుకుంటే తన ఖజానా నుంచి కలిపి ఎక్కువ ఇవ్వొచ్చు. 2024 సెప్టెంబర్‌లో విజయవాడను బుడమేరు ముంచినప్పుడు అదే జరిగింది. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి రూ.25,000 చొప్పున ఇచ్చారు, పశువులకు కూడా కేంద్ర రేట్ల కంటే ఎక్కువ ప్రకటించారు. కాబట్టి ఏ విపత్తుకు ఎంత అన్నది ఆ సమయంలో రెవెన్యూ శాఖ ఇచ్చే జీవోలో చూసుకోవాలి. పాత వాట్సాప్ మెసేజ్‌లో ఉన్న అంకె పట్టుకుని ఆఫీసుకు వెళ్తే గొడవ తప్ప ఫలితం ఉండదు.

ఒక ఇంటికి ఎన్ని పశువులు?

ఇక్కడే చాలామంది దెబ్బ తింటున్నారు. ఎన్ని పశువులు చనిపోతే అన్నింటికీ లెక్క కట్టి ఇస్తారని అనుకుంటారు. నిబంధన అలా లేదు. ఒక కుటుంబానికి గరిష్ఠంగా 3 పెద్ద పాడి పశువులు, లేదా 30 చిన్న జీవాలు, లేదా 3 పెద్ద పని పశువులు, లేదా 6 చిన్న పని పశువులు. అంతకంటే ఎక్కువ పోయినా లెక్కలోకి రావు. నిబంధనలో ఆ మాట స్పష్టంగా రాసి ఉంది.

లెక్క వేసి చూస్తే విషయం అర్థమవుతుంది. ఎనిమిది ఆవులున్న కొట్టం మీద నీళ్లు వచ్చి ఐదు పోతే, కేంద్ర రేటు ప్రకారం వచ్చేది మూడింటికి, అంటే రూ.1,12,500. వంద గొర్రెల మంద ఏటి పక్కన పడుకుని కొట్టుకుపోతే వచ్చేది 30 గొర్రెలకే, రూ.1,20,000. మిగతా 70 గొర్రెలు ప్రభుత్వ కాగితాల్లో ఉండవు. నెల్లూరు జాతి గొర్రెల మందలు తోలుకుని ఊళ్లు తిరిగే కాపరులకు ఇది మామూలు దెబ్బ కాదు. వాళ్లకు పొలం ఉండదు, పంట ఉండదు, ఆ మందే బ్యాంకు బ్యాలెన్సు.

ఇంకో మాట కూడా ఉంది. ఆదాయం ఇచ్చే పశువులకే సాయం అని నిబంధనల్లో ఉంటుంది. ముసలిదై పాలు ఇవ్వని ఆవు, పని మానేసిన ఎద్దు చనిపోతే అధికారి "ఇది లెక్కలోకి రాదు" అనే అవకాశం ఉంది. జాతిని బట్టి తేడా లేదు. పుంగనూరు ఆవు లక్షల్లో పలుకుతుందని, 2024 సంక్రాంతికి ప్రధాని నివాసంలో మేత తినిపించిన ఫొటోల తర్వాత దేశమంతా దాని కోసం వెతికారని అందరికీ తెలుసు. వరదలో పోతే దానికీ, పక్కింటి సంకర జాతి ఆవుకీ, నాటు ఆవుకీ రేటు ఒకటే.

ఏ చావు లెక్కలోకి వస్తుంది?

ఎస్‌డీఆర్‌ఎఫ్ డబ్బు ప్రకృతి విపత్తుకే. కేంద్రం జాబితాలో తుపాను, వరద, కరువు, భూకంపం, అగ్ని ప్రమాదం, వడగళ్లు, కొండచరియలు, సునామీ, మేఘ విస్ఫోటం, చీడపీడల దాడి, హిమపాతం, చలిగాలులు ఉన్నాయి. పిడుగు ఈ జాబితాలో లేదు. వేసవి చివర్లో చెట్టు కింద నిలబడ్డ జీవాల మీద పిడుగు పడి ఒకేసారి పది, ఇరవై చనిపోవడం ఈ జిల్లాల్లో కొత్తేమీ కాదు. ఇలాంటి వాటి కోసం రాష్ట్రాలకు ఒక వెసులుబాటు ఉంది. స్థానిక విపత్తు అని రాష్ట్రం ప్రకటించుకుంటే నిధిలో 10 శాతం వరకు దానికి వాడుకోవచ్చు. కాబట్టి పిడుగు పడి జీవాలు పోతే "ఇది మాకు సంబంధం లేదు" అన్న మొదటి జవాబుతో వెనక్కి రాకూడదు. తహసీల్దార్ ఆఫీసులో అర్జీ పెట్టి రశీదు తీసుకోవాలి.

రోగం సంగతి వేరు. 2022లో దేశాన్ని వణికించిన ముద్ద చర్మ వ్యాధి గానీ, ఏటా జీవాలకు వచ్చే పారుడు రోగం, నీలి నాలుక గానీ విపత్తు కిందకు రావు. ఇందులో ఒక చిక్కుంది. వరద తగ్గాక రెండు మూడు వారాలకు బురదలో నిలబడ్డ గొర్రెలకు గిట్టలు చెడతాయి, దోమలు పెరిగి నీలి నాలుక వస్తుంది, తడిసిన మేత తిని పశువులు పడిపోతాయి. రైతు దృష్టిలో ఇవన్నీ వరద చావులే. రికార్డులో మాత్రం రోగం చావు. లెక్కల టీమ్ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. అందుకే నీళ్లు తగ్గగానే టీకాలు, నట్టల మందు ఇప్పించుకోవడం సాయం కోసం తిరగడం కంటే ముందు చేయాల్సిన పని. విపత్తు సమయంలో పశువుల మందులు, టీకాల ఖర్చు కూడా ఇదే నిధి నుంచి పెట్టొచ్చని నిబంధనల్లో ఉంది కాబట్టి ఊళ్లో క్యాంపు పెట్టమని అడిగే హక్కు రైతుకు ఉంది.

కోళ్లకు బర్డ్ ఫ్లూ వస్తే అది కూడా ఇక్కడ రాదు. దానికి పశుసంవర్ధక శాఖ దగ్గర వేరే పథకం ఉంది, ప్రభుత్వమే కోళ్లను చంపించి పరిహారం ఇస్తుంది. 2024 ఫిబ్రవరిలో పక్కనున్న నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు ఆ దారే పట్టారు. ఒకే కోడికి రెండు పథకాల కింద డబ్బు ఇవ్వరు.

చిరుత మేకను ఎత్తుకెళ్తే, ఏనుగు దూడను తొక్కితే అది అటవీ శాఖ చూసుకునే విషయం. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం చుట్టూ ఉన్న ఊళ్లకు ఇది రోజూ ఉండే తలనొప్పి. అక్కడ రెవెన్యూ ఆఫీసుకు వెళ్లడం కంటే ముందు ఫారెస్ట్ బీట్ అధికారికి చెప్పి, కళేబరం కదల్చకుండా ఉంచాలి.

మొదటి 24 గంటలు

పశువు చనిపోయిన మొదటి రోజే కేసు నిలబడుతుందా లేదా అన్నది తేలిపోతుంది. ముందు ఫోన్ చేయాల్సింది గ్రామ సచివాలయం లేదా రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక సహాయకుడికి. ఆయనే పశువైద్యాధికారిని పిలిపిస్తారు. వీఆర్వోకి కూడా అదే రోజు చెప్పాలి. పశువైద్యాధికారి పోస్టుమార్టం చేసి ఎలా చనిపోయిందో రాసిస్తారు, వీఆర్వో పంచనామా రాస్తారు. ఈ రెండు కాగితాలు ఉంటేనే ఫైలు తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తుంది.

వాళ్లు వచ్చేలోగా ఫోన్‌తో ఫొటోలు, వీడియో తీసి పెట్టుకోవాలి. కళేబరం మొత్తం కనిపించేలా ఒకటి, చెవి పోగు నంబరు చదవగలిగేలా దగ్గర నుంచి ఒకటి, చుట్టూ నీళ్లు, కూలిన కొట్టం కనిపించేలా ఇంకొకటి. చెవికి వేసే ఆ పసుపు రంగు ట్యాగ్ మీద 12 అంకెల నంబరు ఉంటుంది. పశువు ఎవరిదన్న ప్రశ్నకు దానికంటే గట్టి సాక్ష్యం లేదు. ట్యాగ్ వేస్తే చెవి చీము పడుతుందని కొందరు వేయించుకోరు, ఇంకొందరు వేసింది తీసేస్తారు. పశువు పోయాక బాధపడేది ఎక్కువగా వీళ్లే.

మరి కళేబరమే దొరక్కపోతే? వరదల్లో సగం కేసులు ఇవే. పోస్టుమార్టం చేయడానికి పశువు ఉండదు. అప్పుడు ఆ ఇంట్లో ఆ పశువు ఉండేదని చూపించే ఆధారం కావాలి. ఇక్కడ చిత్తూరు, తిరుపతి రైతులకు ఒక అనుకూలం ఉంది. ఈ ప్రాంతంలో పాడి ఉన్న ఇల్లు దాదాపు ఏదో ఒక డెయిరీకి పాలు పోస్తుంది. హెరిటేజ్, శ్రీజ లాంటి పెద్ద సంస్థలు ఇక్కడ పుట్టినవే. పాలు పోసిన స్లిప్పులు, బ్యాంకు ఖాతాలో పడ్డ బిల్లు చూపిస్తే ఆ ఇంట్లో పాడి ఉందని తెలుస్తుంది. వరదకు ముందు రోజుకు పది లీటర్లు పోసిన ఇల్లు తర్వాత మూడు లీటర్లకు పడిపోతే ఆ తేడా తనే మాట్లాడుతుంది. దీంతో పాటు టీకాల రికార్డు, ఆవు కొన్న బ్యాంకు లోన్ కాగితాలు, పక్క ఇళ్ల వాళ్ల వాంగ్మూలం కలిపి పంచనామాలో రాయించుకోవాలి. నోటితో చెప్పి వదిలేస్తే కుదరదు.

వలస వెళ్లిన మందలకు ఇంకో సమస్య. కాపరిది ఒక మండలం, మంద పోయింది ఇంకో మండలంలో. పశువు ఎక్కడ చనిపోయిందో అక్కడి అధికారులే చూసి రాయాలి. సొంతూరికి వచ్చి చెప్పుకుంటే ఇక్కడి వీఆర్వోకి రాయడానికి ఏమీ ఉండదు. కాబట్టి కష్టమైనా ఆ ఊరు వదిలే ముందే పంచనామా చేయించుకోవాలి.

ఒక హెచ్చరిక. పశువు హఠాత్తుగా పడి చనిపోయి ముక్కు, నోరు, వెనక భాగం నుంచి నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ కావచ్చు. అలాంటి కళేబరాన్ని కోయకూడదు, తోలు తీయకూడదు, మాంసం పంచుకోకూడదు. పోస్టుమార్టం కూడా చేయరు, రక్తం చుక్క తీసి పరీక్షకు పంపుతారు. డాక్టర్ వచ్చే దాకా కుక్కలు, పిల్లలు దగ్గరకు రాకుండా చూసి, తర్వాత లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. పరిహారం కోసం కళేబరాన్ని అటూ ఇటూ లాగి మనుషులకు అంటించుకోవద్దు.

బతికున్న పశువు పడిపోయి ఉంటే ఫోన్ చేయాల్సిన నంబరు 1962. సంచార పశు వైద్య అంబులెన్సులు 2022 మే నెల నుంచి రాష్ట్రంలో తిరుగుతున్నాయి.

జాబితాలో పేరు, ఖాతాలో డబ్బు

మండలంలో లెక్క పూర్తయ్యాక తహసీల్దార్, పశువైద్యాధికారి కలిసి జాబితా పంపుతారు. అది ఆర్డీవో, జిల్లా పశుసంవర్ధక అధికారి చూసి కలెక్టర్ దగ్గరకు వెళ్తుంది. ఈ లోపు జాబితా గ్రామ సచివాలయంలో ఉందేమో వెళ్లి చూసుకోవాలి. పేరు లేకపోయినా, మూడు ఆవులకు ఒకటే రాసినా అప్పుడే అభ్యంతరం పెట్టాలి. నిధులు విడుదలయ్యాక పేరు చేర్పించడం చాలా కష్టం. సచివాలయంలో పని కాకపోతే సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. అక్కడ ఇచ్చే నంబరు దాచుకోవాలి.

డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. ఏ ఖాతాలో అన్నదే అసలు ప్రశ్న. ఆధార్‌కు చివరగా లింక్ అయిన ఖాతాలోకి వెళ్తుంది కాబట్టి, ఎప్పుడో ఉపాధి హామీ కోసం తెరిచి వదిలేసిన పాస్‌బుక్‌లోకి పోవచ్చు. "నాకు పడలేదు" అని తిరిగే వాళ్లలో కొందరికి డబ్బు ఇలా వేరే ఖాతాలో పడి ఉంటుంది. బ్యాంకుకు వెళ్లి ఆధార్ ఏ ఖాతాకు మ్యాప్ అయి ఉందో అడిగితే ఐదు నిమిషాల పని.

భూమి లేని వాళ్లకు వస్తుందా అన్న సందేహం చాలామందికి ఉంది. కేంద్ర నిబంధనలో పశువు నష్టానికి భూమి ఉండాలన్న షరతు లేదు. పట్టాదారు పాస్‌బుక్ లేదని ఎవరైనా తిప్పి పంపితే ఆ మాట రాసి ఇవ్వమని అడగాలి. ఆవు ఇంటి ఆడవాళ్ల పేరు మీద, డ్వాక్రా లోన్ మీద కొన్నదైతే అర్జీ కూడా వాళ్ల పేరుతోనే పెట్టాలి. ట్యాగ్ ఒకరి పేరు మీద, అర్జీ ఇంకొకరి పేరు మీద ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది.

కరువులో మాత్రం చేతికి డబ్బు రాదు

వరద కంటే ఈ సీమకు బాగా తెలిసింది కరువు. కరువులో పశువు ఒక్క రోజులో చావదు. మేత లేక బక్కచిక్కుతుంది, పాలు తగ్గుతాయి, చివరికి సంతలో వచ్చిన ధరకు అమ్ముకుంటారు. ఆ అమ్మకం నష్టానికి ఏ నిధి కిందా పరిహారం లేదు. విపత్తు నిబంధనలు కరువులో ఇచ్చేది పశు శిబిరాలకు. పెద్ద పశువుకు రోజుకు రూ.80, చిన్న జీవానికి రూ.45 చొప్పున మేత, దాణా, నీళ్ల ఖర్చు. అంతకు ముందు ఇది రూ.70, రూ.35 ఉండేది. మామూలుగా 30 రోజులు, అవసరమైతే 60, తీవ్రమైన కరువైతే 90 రోజుల దాకా పొడిగించొచ్చు. ఈ డబ్బు శిబిరం నడిపే వాళ్లకు వెళ్తుంది, రైతు ఖాతాలోకి కాదు.

శిబిరం రావాలంటే ముందు మండలాన్ని కరువు మండలంగా ప్రకటించాలి. వాన లోటు, భూగర్భ జలం, పంట విస్తీర్ణం లాంటి కొలతలు చూసి ప్రకటిస్తారు. సమస్య ఏమిటంటే ఆ ప్రకటన వచ్చేది ఖరీఫ్ ముగిసే వేళకు. ఈ జిల్లాల్లో వేరుశనగ కట్టె పశువులకు పెద్ద ఆధారం. వాన లేక కాయ రాకపోతే కట్టె కూడా రాదు, అంటే పంట నష్టం, మేత నష్టం రెండూ ఒకే రోజు మొదలవుతాయి. ప్రకటన వచ్చే దాకా మేత కొనుక్కునేది రైతే.

బీమా: రెండో దారి

విపత్తు లేకుండానే పశువు చనిపోతే, రోగంతో, పాముకాటుతో, కరెంటు షాక్‌తో, ఈనేటప్పుడు చనిపోతే, ఎస్‌డీఆర్‌ఎఫ్ పనికిరాదు. అక్కడ పనికొచ్చేది బీమా ఒక్కటే. ఏపీలో ఈ విషయంలో పద్ధతి ఒకసారి పూర్తిగా మారింది. 2019 తర్వాత కొంతకాలం వైఎస్సార్ పశు నష్ట పరిహార పథకం ఉండేది. రైతు ప్రీమియం కట్టక్కర్లేదు, మేలు జాతి పశువు చనిపోతే రూ.30,000, నాటు పశువైతే రూ.15,000, గొర్రె, మేకకు రూ.6,000 అని ప్రభుత్వమే ఇచ్చేది. 2022లో దాని స్థానంలో పశు బీమా వచ్చింది. ప్రీమియంలో 80 శాతం ప్రభుత్వం, 20 శాతం రైతు. 2024లో ప్రభుత్వం మారాక రైతు వాటా 15 శాతానికి తగ్గింది. అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ కూడా జాతీయ పశుధన మిషన్ కింద రైతు వాటాను దేశమంతా 15 శాతంగా ఖరారు చేసి, మిగతాది కేంద్రం, రాష్ట్రం 60:40గా పంచుకోవాలని నిర్ణయించింది.

వాటా తగ్గడం మంచిదే. కానీ పాత పథకానికీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది, అది అందరికీ అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. అప్పుడు పశువు చనిపోయాక అర్జీ పెట్టినా సరిపోయేది. ఇప్పుడు బతికున్నప్పుడే ప్రీమియం కట్టి, ట్యాగ్ వేయించి, డాక్టర్ సర్టిఫికెట్ తీసుకుని ఉండాలి. "సర్కారు ఇస్తుందిలే" అనుకుని ఉన్న వాళ్లకు ఏమీ రాదు. గడువు ముగిసిన పాలసీ కూడా లేనట్టే లెక్క. మొదటి కొన్ని వారాలు రోగంతో చనిపోతే వర్తించదన్న షరతు సాధారణంగా ఉంటుంది, ప్రమాదమైతే మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. పశువును అమ్మినప్పుడు బీమాను కొన్న వాళ్ల పేరు మీదకు మార్పించుకోవాలి. సంతలో చేతులు మారిన ఆవుల విషయంలో దీన్ని పట్టించుకునే వాళ్లు తక్కువ.

బయట ఎలా ఉంది?

అమెరికాలో ఇదే పని చేసే పథకాన్ని లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ ప్రోగ్రామ్ అంటారు. అక్కడ ఒక్కో రకం పశువుకు, ఒక్కో బరువుకు ఏటా మార్కెట్ ధర లెక్కగట్టి అందులో 75 శాతం ఇస్తారు. మంచు తుపాను, వరద, వడగాడ్పు, పిడుగు అన్నీ అందులోకి వస్తాయి. రైతు తన కౌంటీలో ఉన్న వ్యవసాయ శాఖ ఆఫీసులో అర్జీ పెడతారు. మన దగ్గరలాగే అక్కడా కాగితమే రాజు. 2013 అక్టోబర్‌లో దక్షిణ డకోటా రాష్ట్రాన్ని అట్లాస్ అనే మంచు తుపాను ముంచెత్తి వేలకొద్దీ పశువులు చనిపోయినప్పుడు ఆ పథకం గడువు తీరిపోయి ఉంది. పార్లమెంటు కొత్త చట్టం చేయలేదు. పశువుల్ని పూడ్చిన రాంచర్లు ఫొటోలు, డాక్టర్ల సర్టిఫికెట్లు, కొనుగోలు రసీదులు దాచుకుని కూర్చున్నారు. 2014 ఫిబ్రవరిలో చట్టం వచ్చి, వెనకటి తేదీ నుంచి వర్తింపజేశారు. కాగితాలు ఉన్న వాళ్లకు డబ్బు అందింది.

మార్కెట్ ధరతో ముడిపెట్టడం మన నిబంధనల్లో లేదు. ఇక్కడ ఇచ్చేది సాయం, నష్టానికి సమానమైన పరిహారం కాదు. అందరూ "పరిహారం" అనే పిలుస్తారు, ఆశలు కూడా అలాగే పెంచుకుంటారు. మంచి పాలిచ్చే సంకర జాతి ఆవు కొనాలంటే రూ.37,500కి ఇంకా చాలా కలపాలి. ఆ కలిపేది మళ్లీ అప్పే. పాత ఆవు మీద లోన్ తీరకుండానే కొత్త ఆవు మీద లోన్ మొదలవుతుంది. విపత్తు ప్రాంతాల్లో లోన్ వాయిదాలు పొడిగించే వెసులుబాటు రిజర్వ్ బ్యాంక్ నిబంధనల్లో ఉంది. అయితే బ్యాంకులు దాన్ని అమలు చేయాలంటే ఆ ప్రాంతాన్ని విపత్తు ప్రాంతంగా ప్రభుత్వం గుర్తించాలి, రైతు బ్యాంకుకు వెళ్లి అడగాలి. ఆవు లోన్ ఉన్న వాళ్లు పంచనామా కాపీ ఒకటి బ్యాంకులో కూడా ఇచ్చి రశీదు తీసుకోవడం మంచిది.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఉంటాయి. 2015లో, 2021లో, 2023లో ముంపు వచ్చింది ఈ మూడు నెలల్లోనే. చెరువు కట్ట కింద, స్వర్ణముఖి ఒడ్డున కొట్టాలున్న వాళ్లు సెప్టెంబర్‌లోనే ట్యాగ్‌లు, బీమా గడువు, ఆధార్ ఖాతా ఒకసారి చూసుకుని, పశువుల ఫొటోలు ఫోన్‌లో తీసి పెట్టుకుంటే సరిపోతుంది. రాత్రి పూట నీళ్లు వస్తాయన్న హెచ్చరిక ఉంటే పలుపులు విప్పే ఉంచాలి. కట్టేసిన పశువు మునుగుతుంది, విడిచిన పశువు చాలాసార్లు ఈదుకుంటూ మెట్ట ఎక్కుతుంది.